నల్లికి రెంటచింతల ఎండ

వేసవి వచ్చిందంటే రేడియో వార్తల్లో మా పలనాడు పేరు వినపడి తీరుతుంది. నేను చెప్పేది వాతావరణం సంగతి. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ రెంటచింతలలో అని చదువుతారు చూశారూ, ఆ మాట చిన్నప్పటినుంచీ వింటున్నాను. బయటి ఊళ్ల వాళ్లు విని, "అమ్మో, అక్కడ మనుషులెట్లా ఉంటారో" అనుకుంటారు. మా అమ్మమ్మగారి ఊరు రెంటచింతలకు దగ్గరే. ఆవిడ ఆ వార్త విని, "రేపు మంచాలు ఎండేసుకోవచ్చు" అనేది.

ఈవేళ నన్ను మాట్లాడమన్న విషయం ఇంట్లో పురుగూ పుట్రా, వాటికి చేసుకోదగిన ఇంటి మందులు. ఇంటి మందు అనగానే అందరూ వేపాకు, పసుపు, లవంగాలు అని మొదలుపెడతారు. నేను మంచాల దగ్గర మొదలుపెడతాను.

నులక మంచం ఎరిగినవాళ్లకు నల్లి గురించి చెప్పక్కర్లేదు. పగలు నులక ముళ్లలోనో, కోడు సందుల్లోనో దాక్కుంటుంది. దీపం ఆర్పాక బయలుదేరుతుంది. నల్లి మనవాళ్లను ఎంత ఏడిపించిందో తెలుగు పద్యాలే చెబుతాయి. కుట్టింది నల్లి అయితే దెబ్బలు తిన్నది మంచం అని సుమతీ శతకకారుడు నీతి చెప్పాడు. ఇంకో చాటుకవి ఇంకా ముందుకెళ్లి, శివుడు కొండెక్కి పడుకున్నా, విష్ణువు పాము మీద పడుకున్నా కారణం నల్లుల బాధేనని తేల్చేశాడు.

మా అమ్మమ్మ మంచాన్ని కొట్టడమొక్కటే చేసేది కాదు. మిట్టమధ్యాహ్నం, పెరట్లో నాపబండలు చెయ్యి ఆనించలేనంత కాలినప్పుడు, మంచాలన్నీ తెచ్చి ఆ బండల మీద బోర్లా వేయించేది. కోళ్లు, పట్టెలు కలిసే చోట సలసల కాగే నీళ్లు పోసేది. అప్పుడు రోకలితో నాలుగు దెబ్బలు. రాలిన నల్లి ఆ బండ మీద రెండడుగులు కూడా వేసేది కాదు. బజార్లో నల్లుల మందు దొరుకుతుందట అని నేనొకసారి అంటే, "ఏందమ్మాయ్, ఇంత ఎండ పెట్టుకొని మందెందుకే?" అంది. అప్పుడు నవ్వాను. తర్వాత చదువుకుంటే తెలిసింది, ఆవిడ మాటే సరైనదని. యాభై అయిదు డిగ్రీల వేడి నేరుగా తగిలితే నల్లి, దాని పిల్ల, దాని గుడ్డు ఏవీ బతకవు. గాలి నలభై అయిదు డిగ్రీలున్న రోజున ఎండలో బండ అంతకన్నా బాగా ఎక్కువే కాలుతుంది. మంచాన్ని నాలుగు రోజులు వాడకుండా పక్కన పెడితే నల్లి పోతుందనుకోకండి. రక్తం లేకుండా నెలల తరబడి కాచుకొని కూర్చోగలదు.

గోడలకు డి.డి.టి. కొట్టిన రోజుల్లో దోమలతోపాటు నల్లులూ చచ్చాయి. జనం సంబరపడ్డారు. కొన్నేళ్లకే నల్లి ఆ మందుకు అలవాటు పడిపోయింది. పలనాటి రైతుకు ఈ కథ కొత్తది కాదు. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలల్లో తెల్లదోమ విరుచుకుపడ్డప్పుడు, మందు మీద మందు కొట్టినా అది చావలేదు గదా. మందుకు పురుగు అలవాటు పడ్డట్టు, యాభై అయిదు డిగ్రీల వేడికి అలవాటు పడదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. దూదిపరుపు పైన కాలినా లోపల చల్లగానే ఉంటుంది, నల్లి లోపలికి జరుగుతుంది. మంచం, దుప్పట్లు, దిండుగలీబులు, సంచులు, వీటికి ఎండ బాగా పనిచేస్తుంది. దుప్పట్లను వేణ్ణీళ్లలో నానబెట్టి ఉతికి ఆరేస్తే మరీ మంచిది. పరుపు కుట్లలో చేరితే అది ఒక్క మధ్యాహ్నంలో తేలే పని కాదు.

ఇక వంటింట్లోకి వద్దాం. అసలు కష్టం అక్కడే.

కందులు, పెసలు, అలసందలు నిలవ చేసిన ప్రతి ఇంట్లో పుచ్చు పురుగు ఉంటుంది. గింజకు గుండ్రటి కన్నం, డబ్బా అడుగున పిండి. ఇది చాలాసార్లు చేలోనే మొదలవుతుంది. కాయ మీద పెట్టిన గుడ్డు గింజతోపాటు మన ఇంటికొస్తుంది. కాబట్టి డబ్బా ఎంత తళతళా తోమినా లాభం లేదు. మనవాళ్లు ఏం చేసేవారంటే, కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టేవారు. లేదా బూడిద కలిపేవారు. పప్పు అయితే ఆముదం చేతులకు రాసుకుని కలియబెట్టేవారు. ఇది వట్టి అలవాటు అనుకుంటాం గాని, ప్రతిదానికీ లెక్క ఉంది. పురుగు ఒంటి మీద సన్నటి మైనపు పూత ఉంటుంది. ఒంట్లో నీరు ఆరిపోకుండా కాపాడేది అదే. మట్టి, బూడిద ఆ పూతను గీకేస్తాయి. పురుగు ఎండిపోయి చస్తుంది. ఆముదం అయితే గింజ మీద గుడ్డు పెట్టడానికి పట్టు దొరకనివ్వదు, పెట్టిన గుడ్డుకు గాలి ఆడనివ్వదు.

వీటన్నిటికన్నా తేలిక పని ఇంకోటి ఉంది. డాబా మీద నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద పప్పుగింజలు పల్చగా పోసి, పైన తెల్లటి, అంటే వెలుతురు దూరే ప్లాస్టిక్ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టండి. లోపల వేడి బిగిసిపోతుంది. ఆఫ్రికాలో కామెరూన్ దేశపు రైతులకు అమెరికాలోని పర్‌డ్యూ యూనివర్సిటీ వాళ్లు నేర్పిన పద్ధతి ఇది. యాభై ఏడు డిగ్రీల దగ్గర గంటసేపు ఉంటే, గింజ లోపలున్న పురుగు పిల్లతో సహా చస్తుందని వాళ్లు లెక్క తేల్చారు. అక్కడి ఎండకు సరిపోయిన పని మన ఎండకు సరిపోదా? మిరపకాయలు ఎండబెట్టడానికి ప్రతి ఇంట్లో బరకాలు ఉండనే ఉన్నాయి.

బియ్యానికి మాత్రం ఈ పని చేయకండి. ఎండలో పోస్తే బియ్యం పగిలి నూకలవుతాయి. నీడలో పల్చగా ఆరబోసి, ముక్కు పురుగు దానంతట అది అంచులకు పాకాక, జల్లించుకోవడమే. కొద్ది బియ్యమైతే ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో నాలుగైదు రోజులు పెట్టి తీయండి, గింజ లోపలి గుడ్డు కూడా పోతుంది.

ఇక్కడ పాతర సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వదిలేదాకా మా ప్రాంతమంతా జొన్నే. శ్రీనాథుడు ఇటు వచ్చి, జొన్నకూడు తినలేక, రాళ్లు చూడలేక చాటువుల్లో విసుక్కున్నాడని చెప్పుకుంటారు. పాపం, ఆయనకు సన్నబియ్యం అలవాటు. ఆ జొన్నలను దాచింది పాతరలో. నేలలో లోతుగా గొయ్యి తీసి, చుట్టూ జొన్నచొప్ప కట్టి, గింజ నింపి, మీద చొప్ప వేసి మట్టితో మెత్తేవారు. గాలి ఆడదు. లోపల గింజతోపాటు పురుగులూ చేరతాయి, కాదనను. కానీ ఉన్న గాలి పీల్చేశాక వాటికి పీల్చుకోవడానికి ఏమీ మిగలదు. పాతర తెరిచిన రోజున మనుషులను వెంటనే లోపలికి దిగనిచ్చేవారు కాదు. కొంతసేపు తెరిచి ఉంచి, దీపం దించి చూసేవారు. దీపం కొండెక్కితే లోపల గాలి చెడిందన్నమాట. అట్లా చూసుకోకుండా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మాటకు పాతరేశాడు అంటాం కదా, అంత గట్టిగా మూసేవారన్నమాట.

మూడు పొరల సంచీ అని ఇప్పుడొకటి వచ్చింది. రెండు ప్లాస్టిక్ సంచులు, వాటి మీద ఒక నేత సంచీ. ఇది కూడా పర్‌డ్యూ వాళ్లదే, 1980ల చివర్లో కామెరూన్‌లో అలసందల కోసం తయారైంది. మందు లేదు, మాకు లేదు. మూతి బిగించి కట్టడమే దాని కిటుకు. మా పాతరను సంచీలోకి ఎక్కించినట్టే అనిపించింది నాకు. మీ ఇంట్లో ఆ సంచీ లేకపోయినా, మూత గట్టిగా పట్టే డబ్బాలో గింజ నిండుగా, ఖాళీ లేకుండా పోసి, నెల రోజులు మూత తీయకుండా ఉంచితే చాలావరకు అదే పని జరుగుతుంది. రోజూ మూత తీసే చిన్న డబ్బా వేరే పెట్టుకోండి. పెద్ద డబ్బాను రోజూ తెరిచి, పురుగు పట్టిందని బాధపడితే ఎట్లా?

బియ్యంలో ఎండుమిరపకాయలు వేస్తే పురుగు పట్టదని చాలామంది చెబుతారు. ఈ మాట గోదావరి జిల్లాల్లో చెప్పినా చెల్లుతుందేమో. మిర్చి పండించే మా నేల మీద చెప్పకూడదు. ఎండుమిర్చికే పురుగు పడుతుంది. పొగాకునూ పసుపునూ తినే చిన్న గోధుమరంగు పెంకు పురుగు, సిగరెట్ బీటిల్ అంటారు, మిరపకాయలోనూ హాయిగా కాపురం చేస్తుంది. మన నాలుక మండినట్టు దాని నాలుక మండదు. మిర్చి మీద బతికే పురుగున్న ఊళ్లో మిర్చిని కాపలా పెట్టడం, దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

వేపాకు మాటేమిటి అంటారు. వేప బలమైనదే. 1959లో సూడాన్‌లో మిడతల దండు ఊడ్చిపెట్టిన చోట వేపచెట్లు మాత్రం పచ్చగా నిలబడి ఉండటం ష్ముట్టరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించాడు. తర్వాత ఢిల్లీలో మనవాళ్లూ వేపగింజ ద్రావణం చల్లి మిడత తినకుండా చేసి చూపించారు. అయితే గమనించండి, బలం ఎక్కువగా ఉన్నది గింజలో. చేలో కొట్టే కషాయానికి వంద లీటర్ల నీటికి అయిదు కిలోల వేపగింజల పప్పు కావాలి. డబ్బాలో వేసిన రెండు రెమ్మలతో అంత పని కాదు. పైగా పచ్చి ఆకు వేస్తే దాని చెమ్మకు బూజు పడుతుంది. వేయాలనుకుంటే నీడలో పెళపెళలాడేట్టు ఎండిన ఆకే వేయండి. పురుగును కొంత దూరం పెడుతుంది. అప్పటికే చేరినదాన్ని చంపదు.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త చెవి పెట్టి వినండి.

మిర్చి, పత్తి వేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాకు కొదవ ఉండదు. చేలో కొట్టగా అడుగున మిగిలింది ఇంటికొస్తుంది. నల్లులున్నాయని మంచానికి, చీమలున్నాయని గడపకు, పేలున్నాయని గేదెకు పూస్తారు. మా బంధువుల ఇంట్లోనే ఒకాయన పత్తిమందు చుక్కలు నీళ్లలో కలిపి నవారు మంచానికి కొట్టి, సాయంత్రం మనవణ్ణి దాని మీద పడుకోబెట్టాడు. రాత్రి పిల్లవాడికి నోటి వెంట చొంగ, వాంతులు. ఆటో ఎక్కించి పరుగులు తీశారు. బతికాడు. ఆ పెద్దాయన తర్వాత ఆ మంచం కేసి చూసేవాడు కాదు. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

ఖాళీ డబ్బా ఇంకా ప్రమాదం. 2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. మా చేలల్లో ఏళ్ల తరబడి వాడినదే. ఆ మందు డబ్బాను కడిగి నూనె పోసుకోవచ్చనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఎన్నిసార్లు కడిగినా అది నూనె డబ్బా కాదు.

ధాన్యంలో వేసే బిళ్లలున్నాయి, అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో చెమ్మ తగిలితే చాలు, విషపు గాలి విడుస్తుంది. దాన్ని గోదాముల్లో, అనుమతి ఉన్నవాళ్లే వాడాలని చట్టం. ఎవరో ఇచ్చారు గదా అని గుడ్డలో కట్టి, జనం పడుకునే గదిలోని బియ్యం బస్తాలో పెట్టడం ఆ ఇంటిల్లిపాదికీ ప్రాణగండం. అట్లాంటిది ఇంట్లో ఉంటే చేతులతో తాకకండి, నీళ్లు పోయకండి. తలుపులు తెరిచి అందరూ బయటికి రండి. వ్యవసాయాధికారికి కబురు చేయండి. ఎవరికైనా విషం సోకిందని అనుమానమొస్తే 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించకండి. మందు డబ్బా చేతికంటకుండా సంచిలో వేసి ఆసుపత్రికి తీసుకుపోండి. డాక్టరుకు ముందు కావలసింది దాని పేరు.

బొద్దింకకు నిజంగా పనిచేసే ఇంటి మందు బోరిక్ పౌడర్. క్యారమ్స్ బోర్డు మీద చల్లుతారే, చాలాసార్లు అదే. బోరిక్ పౌడర్, గోధుమపిండి సమంగా తీసుకుని, ఒక చెంచా పంచదార వేసి, కాసిన్ని పాలతో ఉండలు చేసి, గ్యాస్ బండ వెనక, సింకు కింద, ఫ్రిజ్ వెనక పెట్టండి. ఒక రాత్రిలో చావవు, వారం పదిరోజులు ఓపిక పట్టాలి. రాత్రి సింకులో తడి లేకుండా తుడవండి. తిండి లేకున్నా కొన్నాళ్లు ఓర్చుకుంటుంది గాని, నీళ్లు లేకపోతే బొద్దింక ఇబ్బంది పడుతుంది. ఈ ఉండలు పిల్లలకు, కుక్కపిల్లలకు అందకూడదు, అవి మిఠాయిలాగే ఉంటాయి. ఒక్కోసారి ఉండలు పెట్టినా బొద్దింక మూతి తిప్పుకుని పోతుంది. దానికీ కారణం ఉంది. తియ్యటి ఎరకు చావగా మిగిలిన కొన్ని బొద్దింకలకు గ్లూకోజ్ చేదుగా తెలుస్తోందని 2013లో అమెరికా శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అప్పుడు పంచదార మానేసి, కాస్త వేరుశనగ పొడి కలిపి చూడండి.

చీమలది వేరే లెక్క. ముందు నడిచినది వాసన బాట వేస్తే వెనకవి ఆ బాటన వస్తాయి. పసుపుతో గీత గీస్తే పక్కనుంచి తిరిగి వస్తాయి. సబ్బునీళ్లతో ఆ బాట తుడిచేయండి. అర లీటరు పంచదార నీళ్లలో ఒక్క చెంచా బోరిక్ పౌడర్ కలిపి పెట్టండి, అంతకన్నా వద్దు. ఎక్కువేస్తే దారిలోనే చస్తాయి, పుట్టదాకా మోసుకుపోవు. ఒకప్పుడు ప్రతి ఇంట్లో గడప పక్కన చల్లిన గమాక్సిన్ పొడి మీకు గుర్తుండే ఉంటుంది. గమాక్సిన్ అంటే బి.హెచ్.సి., దాన్ని మన దేశంలో 1997లో నిషేధించారు. పాత డబ్బా అటక మీద ఉంటే తీసి వాడకండి.

దోమకు పొగ పెట్టడం మనకు అలవాటు. వేపాకు పొగైనా పొగే, ఊపిరితిత్తులు దానికి తేడా చూపించవు. ఒక దోమల చుట్ట కాలేసరికి వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో ఒక పరిశోధన లెక్క కట్టింది. తలుపులన్నీ బిగించి చుట్ట వెలిగించి పడుకునేవాళ్లు ఆలోచించుకోవాలి. మలేరియా క్రిమిని దోమ పొట్టలో రొనాల్డ్ రాస్ పట్టుకున్నది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. నూట పాతికేళ్లు దాటినా దోమ పుట్టేది నిలవనీటిలోనే, మనం పట్టుకోవలసిందీ అక్కడే. మన ఊళ్లలో కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తే డ్రమ్ములు నింపి పెట్టుకుంటాం. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పదిరోజులు పడుతుంది. కాబట్టి శుక్రవారం శుక్రవారం డ్రమ్ము వంచేయండి, ఊరికే వంచడం కాదు, లోపలి గోడలను పీచుతో రుద్దండి. డెంగీ దోమ గుడ్లు గోడకు అంటుకుని నెలలపాటు నీళ్లు లేకుండా కాచుకుంటాయి.

ఇంట్లో చేసుకున్నదల్లా హాయిగా వాడొచ్చనుకోవద్దు. నల్లమల అంచున సీతాఫలం బాగా దొరుకుతుంది, పిల్లల తలలో పేలకు ఆ గింజలు నూరి రాస్తారు. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పుండవుతుంది. కిరసనాయిలు రాసి పొయ్యి దగ్గర కూర్చోబెట్టేవాళ్లూ ఉన్నారు. పేలకు తడి జుట్టు మీద పేల దువ్వెన, రోజు విడిచి రోజు, రెండు వారాలు, అంతే. ట్రంకుపెట్టెలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు ఇంకోటి. పెద్దపిల్లవాడు తొడుక్కుని వదిలేసిన బట్టలు ఆ పెట్టెలోంచి తీసి, ఉతక్కుండా చంటిబిడ్డకు తొడిగితే, కొందరు పిల్లలకు రక్తకణాలు పగిలి ఒళ్లు పచ్చబడుతుంది. ముందే ఉతికి, రెండు రోజులు ఎండలో ఆరేయండి.

మళ్లీ ఎండ దగ్గరికే వచ్చాను. మర్చిపోకముందే ఒక్క మాట. ప్లాస్టిక్ కింద కాలిన గింజలు తీసిన వెంటనే డబ్బాలో పోసి మూత పెట్టకండి. వేడి గింజకు లోపల చెమ్మ పడుతుంది, ఆ చెమ్మకు బూజు. సాయంత్రం నీడలో ఆరబోసి, చెయ్యి పెడితే చల్లగా తగిలాక, అప్పుడు మూత బిగించండి. డబ్బా మీద తేదీ రాసిపెట్టుకోండి.